విత్తనమా? సేద్యమా?

పువ్వు పుట్టగనే పరిమళించునని పెద్దలు చెప్పుదురు. మొక్కై వంగనిది మానై వంగునా యని ఆ పెద్దలే మరియొక చోట ప్రశ్నింతురు. మొదటి మాట ప్రకారము శక్తి పుట్టుకతోనే వచ్చును. చూచువారికి వాసన పట్టు ముక్కున్న చాలును. రెండవ మాట ప్రకారము శక్తి వంచువాని చేతిలో నున్నది. తగిన వయస్సున తగిన చేయి పడనిచో మొక్క మొక్కగనే ముదిరిపోవును. ఈ రెండు సామెతలను పంతులుగారు ఒకే దినమున బోధించినను పిల్లలెవ్వరును ఆక్షేపింపరు. కాని ఒక పిల్లవానిని ఎన్నుకొని మరియొకనిని ఇంటికి పంపవలసిన వేళ వచ్చినపుడు ఈ రెండును ఒకదానితో నొకటి కలహించును.

అట్టి వేళ ఖమ్మము పట్టణమునకును భద్రాచలపు అడవులకును నడుమ నున్న బడులలో ఏటేట వచ్చుచునే యున్నది. జిల్లా ఆటల జట్టునకు పిల్లలను ఏరు దినమును ఒకసారి ఊహింపుడు. పట్టణపు బాలుడు బూట్లు తొడిగికొని వచ్చును. రెండేండ్లుగా శిక్షకుని యొద్ద నేర్చినవాడు. బంతిని ఎట్లు ఆపవలెనో, ఎప్పుడు విడువవలెనో వానికి తెలియును. వాని ప్రక్కనే గూడెము నుండి వచ్చిన బాలుడు వట్టి కాళ్ళతో నిలుచును. పరుగులో వానిని మించువాడు లేడు. కాని బంతి కాలికి తగులగనే ఎటు పోవలెనో తెలియక తడబడును. కాగితము మీద గుర్తులు వేయుచున్న పెద్దమనిషి ఎవరిని ఎన్నుకొనును? సహజముగా మొదటి వానినే. అది అన్యాయమని చెప్పుటకు వీలులేదు. ఆ దినమున బాగుగ ఆడినవాడు వాడే. కాని ఆ మైదానములో కనబడినది పిల్లవాని శక్తియా, లేక వానికి నేర్పిన వాని శక్తియా యను ప్రశ్న మిగిలియే యుండును.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. భద్రాద్రి రాముని కథయే ఈ ప్రశ్నతో మొదలగును. యాగరక్షణకై రాముని పంపుమని విశ్వామిత్రుడు కోరినపుడు దశరథుడు గజగజ వణకినాడు. పదునారేండ్లైన నిండని పసివాడు, యుద్ధ మెరుగనివాడు, రాక్షసుల నెట్లు గెలుచునని వాపోయినాడు. దశరథుని అంచనాలో తప్పు లేదు. ఆయన చూచినది నాటి రాముని. విశ్వామిత్రుడు చూచినది తాను బల, అతిబల విద్యలను ఉపదేశించిన పిదప నుండబోవు రాముని. ఒకే బాలుని గూర్చి ఇద్దరు పెద్దలు రెండు తీర్పులు చెప్పిరి; రెండవ వాడు తన బోధను కూడ లెక్కలో చేర్చుకొనెను.

మహాభారతములోని ఏకలవ్యుని కథ దీనికి ఎదురు కథ. నిషాద బాలుడను కారణమున ద్రోణుడు వానికి విద్య నిరాకరించెను. మట్టిబొమ్మ నెదుట నిలుపుకొని ఆ బాలుడు అడవిలో తనకు తానే నేర్చుకొనెను. మొరుగుచున్న కుక్క నోటిని బాణములతో మూసిన నైపుణ్యమును చూచిన పిమ్మట గాని వాని విలువ గురువునకు తెలియలేదు. తెలిసిన పిమ్మట బొటనవ్రేలు పోయెను. విద్య నీయక ముందే వానిని అంచనా వేసిన ఆ తీర్పు తప్పని చెప్పుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇక పురాణములను విడిచి నేటి భద్రాచలమునకు వత్తము. గొంగడి త్రిష 2005 డిసెంబరు 15వ తేదీన ఇచ్చట జన్మించెను. తండ్రి స్వయముగా హాకీ ఆడినవాడు, వ్యాయామ శిక్షకుడు. నడక నేర్చిన కొలది కాలమునకే కుమార్తె చేతికి ప్లాస్టిక్ బ్యాటు నిచ్చి, తానే బంతులు విసరి ఆడించెను. బాలికకు ఏడేండ్లు వచ్చునప్పటికి ఈ పట్టణమున దొరకు శిక్షణ చాలదని గ్రహించి, ఉద్యోగమును వదలుకొని, కుటుంబమును సికిందరాబాదుకు తరలించెను. భద్రాచలము నుండి రాజధాని సుమారు 300 కిలోమీటర్లు. మిథాలీ రాజ్ బాల్యమున అభ్యసించిన సెయింట్ జాన్స్ శిక్షణాలయములోనే, జాన్ మనోజ్ గారి యొద్ద ఈ బాలిక అభ్యాసము సాగెను.

ఫలితము జగద్విదితము. 2023 జనవరి 29న దక్షిణాఫ్రికాలోని పొచెఫ్‌స్ట్రూమ్‌లో పందొమ్మిదేండ్ల లోపు బాలికల మొట్టమొదటి ప్రపంచ కప్పు అంతిమ పోటీ జరిగెను. ఇంగ్లండు 68 పరుగులకు కూలిపోగా, మన జట్టు గెలుపునకు త్రిష 24 పరుగులు సమకూర్చెను. రెండేండ్ల పిమ్మట మలేషియాలో జరిగిన రెండవ కప్పులో ఆమెయే ముఖ్య నాయిక. స్కాట్లండుపై 59 బంతులలో 110 పరుగులు చేసి, ఆ పోటీల చరిత్రలో తొలి శతకమును సాధించెను. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో జరిగిన అంతిమ పోటీలో దక్షిణాఫ్రికా వికెట్లు మూడింటిని 15 పరుగులకే తీసి, పిదప 44 పరుగులు చేసి నిలిచెను. మొత్తము 309 పరుగులు, 7 వికెట్లు; పోటీలన్నింటిలోను ఉత్తమ క్రీడాకారిణి యను గౌరవము. తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయల పారితోషికము ప్రకటించెను. ఆ రెండు జట్లకును శిక్షకురాలు నూషీన్ అల్ ఖదీర్. 2005 ప్రపంచ కప్పు అంతిమ పోటీలో ఓడిన భారత మహిళా జట్టులోని బౌలరు ఆమె. తాను అందుకొనలేని కప్పును ఆమె శిష్యురాండ్రు రెండు మారులు అందుకొనిరి.

ఇచ్చటనే ఎంపిక గూర్చిన చిక్కు ముడి ఎదురగును. మహిళల ప్రీమియర్ లీగులో ఆటగత్తెలను వేలము పద్ధతిని ఎన్నుకొందురు. 2024 డిసెంబరు నాటి వేలములో చెన్నపట్టణపు బాలిక కమలినిని ముంబయి జట్టు 1 కోటి 60 లక్షల రూపాయలకు తీసికొనెను. కమలిని, త్రిష ప్రపంచ కప్పులో జోడుగా ఆట నారంభించినవారు. అయినను 2025 ఫిబ్రవరిలో, కప్పు గెలిచిన కొద్ది దినములకే ఆ లీగు మొదలైనపుడు, పోటీల ఉత్తమ క్రీడాకారిణి యగు త్రిష ఏ జట్టులోను లేదు. ఆ ఏడాది నవంబరు నాటి వేలములో గాని యూపీ వారియర్జ్ జట్టులో ఆమెకు చోటు దొరకలేదు.

ఇందు ఎవరి తప్పును వెదకనక్కరలేదు. వేలమున కూర్చున్నవారు "ఈ బాలిక గొప్పదా?" యని మాత్రమే అడుగరు, "మా జట్టులో ఏ లోటున్నది? ఈ బాలిక ఆ లోటు తీర్చునా?" యని అడుగుదురు. ఎడమచేతి వాటముతో ఆడుచు వికెట్ల వెనుక కాపు కాయగలవారు అరుదు, కమలిని అట్టిది. కాబట్టి వేలములో పలికిన ధర యనునది మనిషి తూకము కాదు. ఆ దినమున, ఆ జట్టునకు, ఆ శిక్షకుని పథకములో నున్న ఖాళీ తూకము. ఈ భేదమును విద్యార్థులు గుర్తుంచుకొనుట మేలు. పరీక్షలో గాని, ఎంపికలో గాని తప్పినవాడు తాను తక్కువవాడనని తీర్మానించుకొనుటకు తొందరపడరాదు.

అమెరికా దేశపు ఫుట్‌బాలులో ఈ చిక్కు మరింత స్పష్టముగ కానవచ్చును. అచ్చట కళాశాలల నుండి వచ్చు యువకులను 32 జట్లును ఏటేట వరుస క్రమమున ఏరుకొనును. క్రిందటి యేడు అట్టడుగున నిలిచిన జట్టునకు మొదటి వంతు. 2000 సంవత్సరమున టామ్ బ్రాడీ యను యువకుడు 199వ వాడుగ ఎన్నిక యయ్యెను. పరుగు పరీక్షలో అతడు మందగామి. కాని బిల్ బెలిచిక్ యను శిక్షకుని జట్టులో చేరి, దేశపు అగ్ర పోటీ యగు సూపర్ బౌల్‌ను ఆరు మారులు గెలిచెను. 198 మందిని ముందుగ ఏరుకొన్న పండితులందరును పొరబడిరా? లేక వేరొక జట్టున చేరియున్నచో బ్రాడీ బ్రాడీ కాకపోయి యుండునా?

అచ్చటివారు ఈ వాదమును ఇరువది యేండ్లు సాగించిరి. 2020లో బ్రాడీ ఆ గురువును విడిచి టాంపా నగరపు జట్టునకు పోయి, మరుసటి ఫిబ్రవరిలోనే ఏడవ మారు గెలిచెను. గురువు జట్టు అటుపిమ్మట ఆయన విడిచి వెళ్ళు వరకు అంతిమ దశ పోటీలలో ఒక్కదానిని కూడ గెలువలేదు. "చూచితిరా, అంతయు శిష్యుని మహిమయే" యని కొందరనిరి. ఆ మాట తొందరపాటు. ఇరువది యేండ్ల పాటు నేర్చినది శిష్యుడు ఊరు మారినంత మాత్రమున గురువు నింట విడిచి పోడు గదా! విత్తనమును సేద్యమును పంట పండిన పిమ్మట వేరు చేసి తూచు త్రాసు ఇంతవరకు ఎవ్వరికిని దొరకలేదు.

త్రాసు లేకున్నను, కన్ను గల గురువు ఒకడు మన తెలుగు నాటనే ఉండెను. హైదరాబాదులో 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిచేత ఉపాధ్యాయుడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలుకొని నగరములోని పెక్కు బడులలో పాఠములు చెప్పినవాడు. హైదరాబాదు నగర పోలీసు జట్టునకు ఆయన శిక్షణ నీయగా, ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచెను. ఆ వెలుగును భారత ఫుట్‌బాలు మరల చూడలేదు.

రహీమ్ గారి పద్ధతి ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించునది. బంతిని కాళ్ళ నడుమ త్రిప్పుచు పోవుటను నిషేధించి కొన్ని పోటీలు నడిపెను. వాటము లేని కాలితోనే ఆడవలెనను నియమముతో మరికొన్ని నడిపెను. వీనివలన పిల్లలకు నేర్పు అబ్బుటయే కాదు. అలవాటైన విద్యను కొంత సేపు ప్రక్కకు తొలగించినపుడు ఎవడెంత త్వరగా క్రొత్తది నేర్చునో చూచువానికి తెలియును. పట్టణపు బాలుని రెండేండ్ల అభ్యాసము ఎడమకాలి ఆటలో చాల వరకు అక్కరకు రాదు. అందరును దాదాపు ఒకే గీత మీద నిలిచి పరుగు నారంభింతురు.

సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను ఆ కన్నే పట్టెను. శిక్షణకై నగరమునకు వచ్చుటకు ఆ బాలునికి తాహతు లేకపోగా, సైకిలు అద్దెకు రహీమ్ గారే పైక మిచ్చి రప్పించుకొనిరని బలరామ్ తుదివరకు చెప్పుకొనెను. ఆ బాలుడు ఇరువది యేండ్ల ప్రాయమున మెల్బోర్న్‌లో ఆడెను. 1962లో జకార్తా విజయమున పాలుపంచుకొనెను. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కన్నుమూసినపుడు దేశమంతయు ఆయనను పుట్టుకతో మేటి యని కీర్తించినది. సైకిలు అద్దె దొరకకున్నచో ఆ మేటి అమ్ముగూడ దాటి వచ్చియుండునా?

జకార్తా అంతిమ పోటీ మరియొక పాఠము. జర్నైల్ సింగ్ ఆ కాలమున ఆసియాలో పేరెన్నిక గన్న రక్షకుడు. ఆ పోటీలలో తలకు గాయమై కుట్లు పడెను. వెనుక నిలిచి తలతో బంతులను అడ్డుకొనుట ప్రమాదము. వేరొకరైన అతనిని కూర్చుండబెట్టుదురు. రహీమ్ గారు అతనిని ముందు వరుసకు మార్చిరి. 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాపై ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా భారతదేశము రెండుకు ఒకటితో గెలిచెను. రక్షకుడను పేరు మాత్రమే చూచువారికి అతనిలో గోలు చేయువాడు కనబడడు. నేర్పువాడు తన శిష్యుని నిన్నటి పేరునకు బందీ కాడు. ఆ గెలుపునాటికే రహీమ్ గారు క్యాన్సరు పీడితుడు. 1963 జూన్ 11న మరణించెను.

ఇక శాస్త్రజ్ఞులు చెప్పు మాటలు రెండు. కెనడా దేశపు మంచు హాకీ జట్లను 1980 దశాబ్దమున పరిశీలించిన మనస్తత్వవేత్తలకు ఒక వింత కనబడెను: ఎన్నికైన ఆటగాండ్రలో జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో పుట్టినవారు మిక్కుటము. కారణము జాతక బలము కాదు. అచ్చట వయస్సును జనవరి ఒకటవ తేదీతో లెక్కింతురు. ఒకే తరగతిలోని పిల్లలలో జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవానికంటె దాదాపు ఏడాది పెద్ద. బాల్యమున ఏడాది యన్న పిడికెడు బలము. ఆ బలమును చూచి ప్రతిభ యని ఎన్నుకొందురు. ఎన్నుకొన్నవానికి మంచి శిక్షణ దొరకును. దొరికిన శిక్షణచేత వాడు నిజముగనే మేటి యగును. మొదట పొరపాటైనది చివరకు నిజమై కూర్చుండును.

రెండవది బడిలోనిదే. 1960 దశాబ్దమున కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో రోజెంథాల్, జాకబ్సన్ అను ఇద్దరు ఒక ప్రయోగము చేసిరి. కొందరు పిల్లలు ఈ యేడు మిక్కిలి వికసింతురని పరీక్షలో తేలినట్లు ఉపాధ్యాయులకు చెప్పిరి. నిజమునకు ఆ పేర్లను చీట్లు తీసినట్లు ఊరక ఎన్నుకొనిరి. ఏడాది చివర, ముఖ్యముగ చిన్న తరగతులలో, ఆ పిల్లలే ఎక్కువ ముందంజ వేసిరి. 1968లో వెలువడిన ఈ ఫలితముల పరిమాణమును గూర్చి తరువాతి పండితులు వివాదపడిరి. అయినను మూలమున నున్న హెచ్చరిక నిలిచియున్నది: శిక్షణ అంచనాను మార్చుటయే గాక, అంచనా కూడ శిక్షణను మార్చును. "వీడు పనికివచ్చును" అనుకొన్న పిల్లవాని తప్పును గురువు ఓపికతో దిద్దును. "వీడింతే" అనుకొన్నవాని తప్పును చూచి తల త్రిప్పుకొనును.

ఈ మాటలను పట్టుకొని మరల అడవి యంచునకు వచ్చినచో విషయము చర్చగా మిగులదు. పిల్లల బ్రదుకు అగును. పాల్వంచ చెంత కిన్నెరసాని యొద్ద గిరిజన విద్యార్థులకు క్రీడా పాఠశాల కలదు. ఆశ్రమ పాఠశాలలు పెక్కులు కలవు. కాని వేసవి శిక్షణ శిబిరములు సాగు కాలమే తునికాకు సేకరణ కాలము కూడ. కోయ గూడెములలో ఆ కొలది వారముల సంపాదన కుటుంబమునకు ముఖ్యము. తల్లిదండ్రుల వెంట పిల్లలును తెల్లవారక ముందే అడవికి పోవుదురు. శిబిరములో కానరాని బాలుని "ఆసక్తి లేనివాడు" అని వ్రాసికొనుట తేలిక. త్రిష తండ్రికి మారిపోవుటకు ఒక నగరమును, వదలుకొనుటకు ఒక ఉద్యోగమును ఉండెను. వదలుకొనుటకే ఏమియు లేని తండ్రి కుమార్తె భద్రాచలమును దాటి ఎట్లు పోవును? త్రిష విజయము ఈ నేలలో విత్తనము కలదని చాటినది. సేద్యమునకు నేలను విడిచి పోవలసి వచ్చినదని కూడ చాటినది.

మన అడవుల వంటి అడవుల నుండియే విలువిద్యకు ఒక సాక్ష్యము కలదు. 1980 దశాబ్దపు చివర కేంద్ర క్రీడా సంస్థ గిరిజన ప్రాంతములలో ప్రతిభను వెదకుచు రాజస్థానములో లింబా రామ్ అను యువకుని కనుగొనెను. వెదురు విల్లు పట్టినవానికి క్రొత్త విల్లునిచ్చి ఢిల్లీలో శిక్షణ నిచ్చిరి. 1988, 1992, 1996 ఒలింపిక్ క్రీడలలో అతడు దేశము పక్షమున నిలిచెను. 1991లో అతనికి అర్జున పురస్కారము లభించెను. అడవి బిడ్డ విలువిద్యకు అర్జునుని పేరిట బహుమానము! ఏకలవ్యుని కథ చదివినవారికి ఈ ముక్క యొక్క రుచి వేరుగ చెప్పనక్కరలేదు.

కావున ఏరువారు చేయదగిన దేమి? ఎన్నిక మానుట సాధ్యము కాదు. జట్టున పదునొకండు స్థానములే యుండును. కాని చూచు పద్ధతిని మార్చవచ్చును. పేరు ప్రక్కన వయస్సుతోబాటు ఎన్నాళ్ళు నేర్చెనో, ఎవరి యొద్ద నేర్చెనో వ్రాసికొనవచ్చును. రెండేండ్లు నేర్చినవాని పది గోలులను, ఏమియు నేర్వనివాని ఐదు గోలులను ఒకే కొలతతో కొలువకుండవచ్చును. అన్నింటికంటె ముఖ్యము, రెండవసారి చూచుట. రష్యా మనస్తత్వవేత్త లెవ్ విగోత్స్కీ 1934లో మరణించుటకు ముందే ఈ సంగతిని చెప్పెను: బాలుడు ఒంటరిగ చేయగలుగునది వాని నిన్నటిని తెలుపును, ఇతరుల తోడ్పాటుతో చేయగలుగునది వాని రేపటిని తెలుపును. కాబట్టి ఒకసారి చూచి, ఒక చిన్న విద్య నేర్పి, కొలది దినములకు మరల పిలిచి చూచినచో, మొదటి దినమున ఎవడెచ్చట నుండెనో కాదు, ఎవడెంత దూరము నడచెనో తెలియును. దీనికి గొప్ప యంత్రములు అక్కరలేదు. ఒక బంతి, ఒక నోటు పుస్తకము, కొంత ఓపిక చాలును.

తరగతి గదిలోని పంతులుగారికి ఇది తెలియని సంగతి కాదు. తొలి త్రైమాసిక పరీక్షలో పది మార్కులు వచ్చి, సంవత్సరాంతమున నలుబది తెచ్చిన పిల్లవానిని, ఆది నుండి అరువది తెచ్చుచున్నవానిని ఆయన ఒకే కంట చూడడు. ఆ కంటినే ఆటస్థలమునకు కూడ తోడ్కొని పోవలెను. వట్టి కాళ్ళతో నిలిచిన గూడెపు బాలుడు ఆ దినమున ఓడిపోవచ్చును. ఓడుట ఆటలో సహజము. కాని ఇంటికి పోవునపుడు "మరల రమ్ము, ఎడమకాలితో ఇట్లు తన్నుట అభ్యసించి రమ్ము" అను మాట వాని చెవిని పడినచో, వానికి మట్టిబొమ్మతో పని యుండదు. ఎదుట మనుష్యుడగు గురువే యుండును.